చల్లగా వంచాల్సిన ఇనుము

కొలిమి పక్క గది,
జనవరి పదకొండు

చెల్లాయీ,

నిప్పు లేకుండా ఇనుము మాట వింటుందా? సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నీ రోలర్లూ నీ ప్రెస్సులూ పక్కన పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు. ఇరవై ఏళ్లుగా ఆ షెడ్డులో చల్లటి ఇనుమును నొక్కుతున్నావు, లాగుతున్నావు, అద్దంలా మెరిపిస్తున్నావు. దాని మనసు మారిందా? మారదు! పైకి నిగనిగలాడుతుంది, లోపల మొండితనం అలాగే ఉంటుంది. అదే నా కొలిమిలోకి రానీ. ఎర్రబడుతుంది, మెత్తబడుతుంది, నా చేతిలో పిండిముద్ద అవుతుంది. గ్రంథం తెరిచి చూడు. దేవుడు తన ప్రజల్ని ఎక్కడ శుద్ధి చేశాడు? కొలిమిలో! రోలర్ల మధ్యనా? నేనంటాను సోదరులారా...

చూశావా, ఆదివారం ప్రసంగాల అలవాటు ఉత్తరంలోకి కూడా వచ్చేసింది. కొట్టేయను, ఉండనీ.

అసలు సంగతికి వస్తాను. మీ వదిన కాలు సంగతి నీకు తెలిసిందే. ఆ జ్వరం వచ్చి వెళ్లి రెండేళ్లయింది. ఎడమ కాలికి బలం తిరిగి రాలేదు. బరువు వేస్తే మోకాలు మడత కుర్చీలా ముడుచుకుపోతుంది. ఇన్నాళ్లూ ఆసుపత్రి వాళ్లు ఆమెను రిజిస్టరు గదిలో కూర్చోబెట్టారు. కూర్చుని చీటీలు రాయడం ఆమె వల్ల అవుతుందా? పందొమ్మిదేళ్లు వార్డులో తిరిగిన నర్సు. గోడ అవతల ఎవరైనా దగ్గితే ఆమె చేతిలో కలం ఆగిపోతుందట. ఇప్పుడు మేట్రన్ ఒక అవకాశం ఇచ్చింది. ఏప్రిల్ నెల దాటకుండా వార్డు ఈ చివర నుంచి ఆ చివరకు, ఏదీ పట్టుకోకుండా నడిచి చూపించాలి. నడిస్తే మే మొదటి తారీకు నుంచి వార్డు డ్యూటీ. నడవలేకపోతే రిటైరయ్యేదాకా రిజిస్టరే.

తొడ దగ్గర నుంచి బూటు దాకా కాలికి రెండు వైపులా ఇనుప బద్దలు, మోకాలి దగ్గర గొళ్లెం ఉండే క్యాలిపర్ వేసుకుంటే నడవొచ్చని డాక్టరు చెప్పాడు. నేనుండగా బయట ఎందుకని మూడు రోజులు కూర్చుని నేనే కొట్టాను. ఎర్రగా కాచి, సాగదీసి, మూలలు తిప్పి. పని గట్టిదే. మీ వదిన దాన్ని రెండు చేతులతో ఎత్తి చూసి, "ఇది కాలికా, గేటుకా?" అంది.

సన్నగా కొడితే వంగిపోతోంది. వంగకుండా ఉండాలంటే లావుగా కొట్టాలి. లావుగా కొడితే ఆమె కాలు లేవదు. మూడు సార్లు కొట్టాను. మూడోది గేటుకి కూడా పనికిరాదు.

"మీ చెల్లెలికి రాయండి" అంది. రాయనన్నాను. "అయితే నేనే రాస్తాను" అంది. అందుకని రాస్తున్నాను. కొలతలు వెనక పేజీలో ఉన్నాయి. సన్నగా, తేలిగ్గా, గట్టిగా ఉండే బద్దలు నీ షెడ్డులో ఏమైనా అవుతాయేమో చూడు. అవుతాయని నేను నమ్మడం లేదు. నమ్మకం లేకుండా అడిగినవాడికి కూడా ఇచ్చిన సందర్భాలు గ్రంథంలో ఉన్నాయి కాబట్టి అడుగుతున్నాను.

నీ అన్నయ్య


రేకుల షెడ్డు, రెండో బల్ల,
జనవరి ఇరవై నాలుగు

అన్నయ్యా,

వింటుంది. నిప్పు లేకుండానే ఇనుము మాట వింటుంది. కాకపోతే అరిస్తే వినదు. అక్కడే నీకు చిక్కు వచ్చింది.

నీ ఉత్తరం మధ్యాహ్నం టీ వేళ మా బల్ల దగ్గర చదివాను. "సోదరులారా" దగ్గర మా రోలరు ఆపరేటరు లేచి నిలబడ్డాడు.

నువ్వు అడగలేదు గానీ చెబుతాను. ఇనుము లోపల రవ్వలాంటి పలుకులుంటాయి. ఎర్రగా కాగిన ఇనుమును నువ్వు కొట్టినప్పుడు ఆ పలుకులు నలుగుతాయి, ఆ వేడికే మళ్లీ కొత్తగా పుడతాయి. అందుకే నువ్వు వెయ్యి దెబ్బలు కొట్టినా అది మెత్తగానే ఉంటుంది, ఎంత సాగదీసినా పగలదు. గునపం, గొడ్డలి, బండి ఇరుసు, ఏ ఆకారం కావాలన్నా నీ దగ్గరకే రావాలి. ఒప్పుకుంటున్నాను. కానీ పైన నల్ల పెచ్చు కడుతుంది, చల్లారాక కుంచించుకుంటుంది, కొలత వెంట్రుకవాసి తేడా లేకుండా రమ్మంటే రాదు.

నా దగ్గర పలుకులు మళ్లీ పుట్టవు. రోలరు కింద నలిగినవి నలిగినట్టే ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. బద్ద ఎంత పలచబడితే అంత గట్టిపడుతుంది. నమ్మకపోతే ఒక తీగ ముక్క తీసుకుని ఒకే చోట వంచు, మళ్లీ తిన్నగా చెయ్యి. రెండోసారికే ఆ చోటు మొరాయిస్తుంది. అత్యాశకు పోయి అలాగే వంచుతూ పోతే పుటుక్కుమంటుంది. ఎక్కడ ఆపాలో తెలియడమే మా పనితనం.

ఇక నీ గ్రంథం. యాజకుడి వస్త్రం కోసం బంగారాన్ని పలచటి రేకులుగా సాగగొట్టి, తీగలుగా కత్తిరించి, దారాలతో కలిపి నేశారని ఉంటుంది కదా. అక్కడ నిప్పు మాట ఎక్కడుంది? వెతికి చెప్పు. నేను వెతికాను, లేదు.

రెండు జతల బద్దలు లారీ డ్రైవరుతో పంపుతున్నాను. ఒకటి వాడుకోండి, ఒకటి దాచుకోండి. మోకాలి గొళ్లేలు, తొడ దగ్గర తోలు పట్టీలు, చీలమండ దగ్గర తోలు మెత్తలు, బూటు కింద పట్టే ముక్క అన్నీ బిగించే పంపాను. జత బరువు నీ గేటులో ఐదో వంతు కూడా ఉండదు. ఎక్కడైనా ఒరుసుకుంటే వెనక్కి పంపు, నేను సరిచేస్తాను. నువ్వు మాత్రం వాటి జోలికి వెళ్లకు. అంతే.

వదినను అడిగానని చెప్పు. గేటు మాట మా షెడ్డంతా పాకింది.

చెల్లి


ప్రార్థన గది అరుగు,
ఫిబ్రవరి ఇరవై ఏడు

గౌరవనీయులైన మేస్త్రీ గారికి,

తమరు దయతో పంపిన బద్దల్లో వాడిన జత తమరికే తిప్పి పంపుతున్నాను. లారీ డ్రైవరు దగ్గర రసీదు తీసుకోగలరు.

మొన్న బుధవారం నా భార్య వాటిని వేసుకుని మేట్రన్ ఎదుట వార్డులో నడిచింది. అటు ఆరు మంచాలు, ఇటు ఆరు మంచాలు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. నాలుగు మంచాలు దాటింది. ఐదో మంచం దగ్గర ఎడమ వైపు బద్ద చీలమండకు పైన, వాడిన కాడలా పక్కకు వాలిపోయింది. ఆమె మంచం కమ్మీ పట్టుకుని ఆ మంచం మీదే కూలబడింది. దెబ్బలు తగల్లేదు. ఆ మంచం మీద ఉన్న ముసలావిడ జరిగి, "రండి సిస్టర్, చోటుంది" అందట. వార్డంతా నవ్వింది. నా భార్య కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పైకి మెరిసేదాన్ని నమ్మితే ఏమవుతుందో ఇది చాలదా? నిన్న సాయంత్రం కూటంలో ఆ బద్దనే చేత్తో పైకెత్తి ప్రసంగించాను. దాచడం ఎందుకు? నిప్పులో నుంచి రానిది నిలవదని చెప్పాను. పేరు చెప్పలేదు. అందరికీ తెలుసు.

మేట్రన్ మంచి మనిషి. ఏప్రిల్ ఆఖరు దాకా ఇంకో అవకాశం ఉందని చెప్పింది. ఈసారి నేనే చూసుకుంటాను.

ఇట్లు,
దాగలి దగ్గరివాడు


రేకుల షెడ్డు,
మార్చి నాలుగు

అన్నయ్యకి,

వదిన పడిందని నిలబడే చదివాను. దెబ్బలు తగల్లేదన్న వాక్యం నాలుగుసార్లు చదివి, అప్పుడు కూర్చున్నాను.

బద్ద చూశాను. నా చేతి కింద నుంచి వచ్చిన వస్తువు వదిన కాలి మీద విరిగినా వంగినా జవాబు చెప్పాల్సింది నేనే. అందుకని ఆ రోజు మిగతా పనులన్నీ ఆపించి దాన్ని బల్ల మీద పెట్టుకున్నాను. ఏం చేశానో రాస్తాను, చదువు.

మోకాలి దగ్గర నుంచి ఒక ముక్క కోశాను. వంగిన చోటు నుంచి ఒక ముక్క కోశాను. రెండూ ఒకే పొడవు. రెంటినీ పక్కపక్కనే వైసులో బిగించాను. పై ముక్క నా చేతికి లొంగలేదు, మా ఆపరేటరు చేతికీ లొంగలేదు. కింది ముక్క నా బొటనవేలికి లొంగింది. ఒకే బద్ద, ఒకే రోజు రోలరు కింద నుంచి వచ్చింది. ఒక చివర గట్టిగా, ఒక చివర మెత్తగా ఎలా అవుతుంది?

తరువాత ఆ చోట ఉన్న తోలు మెత్త ఊడదీశాను. బయట ఉన్న భాగాన్ని ఎవరో గరుకు కాగితంతో బాగా రుద్దారు. చక్కగా మెరుస్తోంది. తోలు కింద మాత్రం కాగితం చేరలేదు. అక్కడ వేలెడు వెడల్పున ఒక నీలిరంగు పట్టీ ఉంది, దాని అంచున గడ్డి రంగు.

ఆ రంగులు దేనివల్ల వస్తాయో నాకంటే నీకే బాగా తెలుసు. నాన్న కొలిమిలో నేను తిత్తి ఊదే రోజుల్లో, ఆ రంగులు చూసే నువ్వు ఉలి పదును పెట్టేవాడివి.

కోసిన రెండు ముక్కలూ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. నేనేమీ అనడం లేదు. అడగడం కూడా లేదు. వదినకు ఈ ఉత్తరంతో పాటు వేరే చీటీ పెట్టాను, ఎలా ఉందో ఆవిడనే రాయమన్నాను.

చెల్లి


ఆసుపత్రి రిజిస్టరు గది,
మార్చి తొమ్మిది

మా ఆడపడుచు గారికి,

నీ చీటీ అందింది. నేను బాగానే ఉన్నాను. తుంటి మీద చిన్న కమిలిన మచ్చ, రెండు రోజుల్లో పోయింది. నేను పడ్డ మంచం ముసలావిడ ఇంటికి వెళ్లేటప్పుడు రిజిస్టరు గదిలోకి వచ్చి మరీ, "మళ్లీ ఎప్పుడు నడుస్తావు? కబురు పెట్టు, వస్తాను" అని చెప్పి వెళ్లింది.

నీలిరంగు సంగతి నాకు తెలుసు. పరీక్షకు ముందు రోజు చీలమండ ఎముక దగ్గర ఒరుసుకుంటోందని చెప్పాను. ఒక వేలు వెడల్పు బయటికి వంచితే సరిపోతుంది. లారీ వారం దాకా రాదు. ఆయన బద్ద తీసుకుని కొలిమి వైపు వెళ్లారు. నేను కిటికీ దగ్గరే కూర్చుని ఉన్నాను. దాన్ని నిప్పుల్లో పెట్టి, "రా తల్లీ, నీ చలి వదిలిస్తాను" అన్నారు దానితో. ఎంత ముద్దుగా అన్నారో! నాతో పెళ్లయిన కొత్తలో కూడా అలా మాట్లాడలేదు. వంచి, చల్లార్చి, ఊడదీసిన తోలు మెత్త మళ్లీ బిగించి, అరగంట సేపు రుద్ది తెచ్చి నా కాలికి తొడిగారు. నిజంగానే ఒరుసుకోలేదు. వేడి పెడితే బలం పోతుందని నాకేం తెలుసు? ఆయనకూ తెలియదనే నేను నమ్ముతున్నాను. నీ ఉత్తరం చదివాకే ఆయన ముఖం మారింది. చదివి మడిచి, గ్రంథంలో పెట్టుకున్నారు. ఆ పేజీ దగ్గరకు రోజూ వెళతారు, తెరవకుండా వచ్చేస్తారు.

నువ్వు అడుగుతావు, నువ్వెందుకు ఊరుకున్నావు వదినా అని. చెబుతాను. ఆయనకు అక్షరాలు నేర్పింది నేనే. అప్పటికి ముప్పై రెండేళ్ల మనిషి, మందు సీసాల మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదివి, ఏడాది తిరిగేసరికి గ్రంథం చదివారు. తప్పు చదివితే నేను సరిచేసేదాన్ని కాదు. వేలు అక్కడే పెట్టి ఉంచేదాన్ని. ఆయనే మళ్లీ చదివి, ఆయనే సరిదిద్దుకుంటే అది ఇక ఎప్పటికీ మరిచిపోరు. ఇప్పుడూ వేలు పెట్టే ఉంచాను.

ఐదు రోజులుగా ప్రసంగం సాధన చెయ్యడం లేదు. నాకు కాస్త చెవులకు హాయిగా ఉంది, ఆ మాట ఆయనతో అనకు.

నీ వదిన


కొలిమి పక్క గది,
మార్చి పదిహేడు

చెల్లెమ్మా,

నేనే కాచాను.

ఈ మాట రాయడానికి నాలుగు కాగితాలు పట్టాయి. మిగతా మూడింటిలో మొదట గ్రంథం వచ్చింది, తరువాత లారీ ఆలస్యం వచ్చింది, తరువాత మేట్రన్ పెట్టిన తేదీ వచ్చింది. ఈ మాట చివర్లో ఎక్కడో మూలన వచ్చింది. అవి కొలిమిలో వేశాను.

బద్ద నారింజ రంగుకు వచ్చేదాకా కాచాను. వెన్నలా వంగింది. అంత తేలిగ్గా వంగినప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది కదా. రాలేదు. సంతోషం వచ్చింది. నువ్వు రోలరు కింద దానికి బిగించిన బలమంతా నేను రెండు నిమిషాల్లో ఊడగొడుతూ, దానికి మేలు చేస్తున్నాననుకున్నాను. నా నలభై ఏళ్ల పనిలో కాచితే చెడిపోయే మామూలు ఇనుము నా చేతికి రాలేదు. నా దగ్గరకు వచ్చేవన్నీ కాచడానికే వస్తాయి. నీలిరంగు చూసి కూడా అదేమిటో ఆలోచించలేదు. మచ్చ కదా అని రుద్దేశాను.

తెలియక చేసింది ఒకటి. తెలిశాక ఊరుకున్నది ఇంకొకటి. మొదటిదానికి నా మనసు నన్ను ఏమీ అనలేదు. రెండోదానికి నిద్ర లేదు. తిప్పి పంపేటప్పుడే నాకు లోపల ఎక్కడో తెలుసు చెల్లెమ్మా, లేకపోతే కాచిన సంగతి ఆ ఉత్తరంలో రాసేవాడిని. నీ ఉత్తరం వచ్చాక ఇక తెలియదనడానికి దారి లేదు.

కూటంలో అన్న మాట కూటంలోనే వెనక్కి తీసుకోవాలి. మొన్న ఆదివారం నువ్వు కోసి పంపిన రెండు ముక్కలూ పట్టుకెళ్లాను. ముందు వరసలో బేకరీ ఆయన చేతికి గట్టి ముక్క ఇచ్చాను, వంచమన్నాను. ఆయన రోజూ యాభై కిలోల పిండి పిసికే మనిషి. ముఖం కందిపోయింది, ముక్క కదల్లేదు. మెత్తటి ముక్క ఆయన భార్యకు ఇచ్చాను. టక్కున వంచి, "ఇంట్లో ఎవరు గట్టో తెలిసిపోయింది" అంది. గదంతా నవ్వు. ఆ నవ్వు తగ్గేదాకా ఆగి, ఆ రెండో ముక్క మెత్తబడింది నా చెల్లెలి పనివల్ల కాదని, నా నిప్పువల్లనని, ఆ సంగతి దాచి మీ ముందు నా చెల్లెలిని నిందించానని చెప్పాను.

 వెనక నుంచి రిటైరైన తపాలా పెద్దాయన లేచాడు. "అయ్యగారూ, ఆ రోజు మీరు చెప్పినదానికి మేమంతా ఆమెన్ అన్నాం. ఇప్పుడు ఆ ఆమెన్ ఏం చెయ్యాలి?" అని అడిగాడు. ఎన్నేళ్ల నుంచో ప్రసంగిస్తున్నాను, అంత మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. వెనక్కి తీసుకోండి అన్నాను. "సరే, తీసుకున్నాం" అన్నాడు, కూర్చున్నాడు.

ఇంటికి వచ్చాక మీ వదిన నా పళ్లెంలో రెండోసారి కూర వేసింది, అంతే.

ఇంకో జత నా దగ్గరే ఉంది. ముట్టుకోలేదు. అదీ చీలమండ దగ్గర ఒరుసుకుంటోంది. నీకు పంపితే రానూ పోనూ పదిహేను రోజులు. నేనే వంచొచ్చా? ఎలా వంచాలి? నాకు రాని పని, నేర్పు. తేదీ దగ్గరకు వచ్చేస్తోంది.

నీ అన్నయ్య


రేకుల షెడ్డు, రెండో బల్ల,
మార్చి ఇరవై ఐదు

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాక నేనూ ఒకటి ఒప్పుకోవాలి. లేకపోతే మా రోలరు ఆపరేటరు నన్ను బతకనివ్వడు, అతనికి అన్నీ చదివి వినిపిస్తున్నాను మరి.

"వాటి జోలికి వెళ్లకు, అంతే" అని రాశాను గుర్తుందా? కాచితే బలం పోతుందని ఇంకొక్క ముక్క రాస్తే సరిపోయేది. కలం పట్టుకుని ఆ ముక్క రాయబోయి మానేశాను. నువ్వు కాస్తావని నాకు తెలుసు. నిన్ను నేనెరగనా? చిన్నప్పుడు నాన్న నన్ను తిత్తి దగ్గరే కూర్చోబెట్టాడు. దాగలి దగ్గరకు వస్తే "అవతలికి పో" అనేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. నువ్వూ చెప్పేవాడివి కాదు. ఇన్నేళ్లకు నీకు తెలియనిది నాకొకటి తెలిసింది కదా, నేనూ కారణం చెప్పకుండా "అంతే" అని రాసి చూశాను. రాసినప్పుడు భలే బావుంది. వదిన పడిందని తెలిసిన రోజు ఆ బాగు ఎటు పోయిందో తెలియదు. కాబట్టి నీ ఆదివారం లెక్కలో సగం నాది.

ఇక పని. శ్రద్ధగా చదువు, ఈసారి కారణాలతో సహా రాస్తున్నాను.

పెద్ద రెంచీ తలలాంటి ముక్కలు రెండు పంపుతున్నాను. ఒక్కోదానికి బద్ద దూరేంత గాడి ఉంటుంది. రెంటినీ బద్దకు తొడిగి, నాలుగు వేళ్ల ఎడం ఇచ్చి, మెల్లగా వంచు. దగ్గరగా పెట్టి వంచితే అంతా ఒకే చోట పడి పగులుతుంది. వదిలెయ్యగానే బద్ద కాస్త వెనక్కి వస్తుంది. కోపం తెచ్చుకోకు, చల్లటి ఇనుము స్వభావమే అంత. ఎంత వెనక్కి వస్తుందో చూసుకుని, ఈసారి అంత మేర దాటించి వంచు. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కువ వంగిందని వెనక్కీ, తక్కువైందని ముందుకీ ఆడించకు. మూడోసారికి పగులు పుడుతుంది. కాబట్టి ఒకే దిశలో, తక్కువ తక్కువగా వంచు, ప్రతిసారీ వదిన కాలికి పెట్టి చూడు. దెబ్బ వద్దు, సుత్తి వద్దు. నీకు ఇదే కష్టం.

ఇంకో సంగతి ఉంది. నాకు నీ కొలిమి కావాలి.

బూటు కింద పట్టే ముక్క గుర్రపు నాడాలా తిరగాలి కదా. నేను బిగించి పంపినవాటిని మళ్లీ పరీక్షించాను. మందమైన పట్టీ, చిన్న మూల. మా ప్రెస్సు కింద వంచితే మూల బయటి వైపు సన్నటి నెర్రెలు వస్తున్నాయి, భూతద్దం పెట్టి చూస్తేనే కనిపిస్తాయి. మూడు చేశాను, మూడూ అంతే. నీ దగ్గరున్న జతలోని ముక్క కూడా అలాంటిదే కావచ్చు, దాని మీద వదినను నిలబెట్టకు. అంత మందం అంత మూల తిరగాలంటే ఎర్రగా కాచి తిప్పాలి. మూల దగ్గర పలచబడకుండా ఇనుమును అక్కడికి కూరాలి. అది నాకు రాదు. మా షెడ్డులో ఎవరికీ రాదు. నీకు కళ్లు మూసుకున్నా వస్తుంది.

పొడవాటి బద్దలు నావి, కింది ముక్క నీది. నువ్వు కొట్టు, అన్నయ్యా.

చెల్లి


కొలిమి గుమ్మం,
ఏప్రిల్ ఇరవై ఎనిమిది, పొద్దున ఏడున్నర

చెల్లాయీ,

లారీ డ్రైవరు బయట హారన్ కొడుతున్నాడు. టీ తాగేదాకా ఆగమన్నాను. ఒక టీ ఎంత సేపు తాగుతాడో అంత ఉత్తరం రాస్తాను.

కింది ముక్క కొట్టాను. రెండు చెడగొట్టాను, మూడోది కుదిరింది. మూల తిప్పే ముందు అక్కడ ఇనుమును కూరి, లావు చేసి, అప్పుడు తిప్పాను. చల్లారాక కుంచించుకుంటుందని నూలుపోగంత పెద్దగా కొట్టాను, సరిగ్గా బూటుకు పట్టింది. భూతద్దం పెట్టి చూశాను. నెర్రె లేదు. మూల చుట్టూ వేలితో తడిమి తడిమి మీ వదిన, "ఇది గేటుది కాదు" అంది. ఆమె నోటి నుంచి అది పెద్ద మెచ్చుకోలు.

బద్దలు వంచడానికి మాత్రం పద్దెనిమిది రోజులు పట్టింది. నవ్వకు! మొదటి రోజు వంచాను, వదిలాను, వెనక్కి వచ్చింది. మళ్లీ వంచాను, మళ్లీ వచ్చింది. నా జన్మలో ఇనుము నాకు ఎదురు చెప్పడం అదే మొదలు. చెయ్యి సుత్తి కోసం అదే వెతుక్కుంది. మీ వదిన సుత్తి తీసుకెళ్లి తన కుర్చీ కింద పెట్టుకుని కూర్చుంది. రోజుకు కాస్త వంచడం, కాలికి పెట్టడం, "ఇంకా తగులుతోంది" అంటే ఇంకాస్త. ఒకరోజు "చాలు" అంది. ఆ మాట ఎంత తియ్యగా ఉందో నీకెలా చెప్పను! గ్రంథం మొదటి పేజీ నుంచి మళ్లీ చదువుతున్నాను చెల్లాయీ, ఈసారి నిప్పు లేని చోట్ల ఆగి మరీ చదువుతున్నాను. చాలా ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటిని గబగబా దాటేశాను.

ఇప్పుడు విను. నిన్న సాయంత్రం ఆమె కొలిమి గుమ్మం నుంచి బేకరీ దాకా నడిచింది. చేతులు రెండూ ఖాళీ. నేను పక్కన నడవబోతే, "మీరు నీడలా రావద్దు, ఎండ తగలనివ్వండి" అని నన్ను గుమ్మంలోనే ఆపింది. నూట నలభై అడుగులు లెక్కపెట్టాను. బద్ద వాలలేదు, కింది ముక్క కిర్రుమనలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఒక చేతిలో బ్రెడ్డు, ఇంకో చేతిలో బేకరీ ఆయన ఊరికే ఇచ్చిన బిస్కట్ల పొట్లం. దారిలో ఎవరితోనో మాట్లాడటానికి ఆగింది కూడా! ఏ గోడా పట్టుకోకుండా, ఒక కాలి మీద బరువు వేసి, నడుం మీద చెయ్యి పెట్టి, వార్డులో పేషెంటును కసిరినట్టు నిలబడి మాట్లాడింది. నేను గుమ్మంలో కూర్చుండిపోయాను. ప్రార్థన చెయ్యబోతే మాటలు రాలేదు. నాకు, మాటలు!

రేపు పదింటికి మేట్రన్ ఎదుట నడవాలి. ఎల్లుండితో నెల అయిపోతుంది, ఇంకో తేదీ లేదు. అంతా సిద్ధం. ఒక్కటే చిక్కు, మీ వదిన నడవనంటోంది.

నడవగలదు, నడవను అంటోంది. నువ్వు లేకుండా నడవదట. "పోయినసారి వంగితే మీరిద్దరూ ఒకరి మీద ఒకరు ఉత్తరాలు రాసుకున్నారు. ఈసారి వంగితే ఇద్దరూ నా కళ్ల ముందు ఉండాలి. వంగకపోతే ఇద్దరూ నా వెనక నడవాలి" అంది. ఎంత బతిమాలినా వినడం లేదు. నా ప్రసంగాలకు రాళ్లు కరిగినా ఆమె కరగదని నీకు తెలుసు కదా.

ఈ ఉత్తరం లారీలోనే వస్తోంది కాబట్టి పన్నెండింటికల్లా నీ బల్ల మీద ఉంటుంది. అదే లారీ మీ షెడ్డు సరుకు దించి ఒంటిగంటకు ఇటు తిరిగి బయలుదేరుతుంది. ముందు సీటు నీకోసం ఉంచమని డ్రైవరుతో మాట్లాడాను. రోలర్లు ఒక్క రోజు నీ ఆపరేటరు చూసుకుంటాడు, అతన్ని "సోదరా" అని నా మాటగా అడుగు. రేపు వస్తాననకు, రేపటికి ఆలస్యమైపోతుంది. ఆలోచిస్తాననకు. ఈ ఉత్తరం చదవడం ఇక్కడితో ఆపు, లేచి నిలబడు, చేతులు కడుక్కో, చెప్పులు వేసుకో. లారీ బయట ఆగి ఉంది. ఈ రోజే, ఇప్పుడే ఎక్కు!